టకయాసు వ్యాధి: ఆపరేషన్ తప్పదన్నాక కూడా నెలలు ఆగమంటారెందుకు?

మీ అక్కకి 29 ఏళ్లు, టకయాసు (పెద్ద ధమనుల గోడలు వాచే జబ్బు) అని తేలింది, గుండె దగ్గర బృహద్ధమని (గుండె నుంచి ఒంటికి రక్తం తీసుకెళ్లే పెద్ద నాళం) ఉబ్బి వాల్వ్ లీకవుతోంది, అయినా మూడు నెలలు స్టెరాయిడ్స్ వాడాకే ఆపరేషన్ అంటున్నారు, ఇది నాన్చడమేనా అని అడిగారు. నాలుగేళ్ల కిందట మా చెల్లి కోసం నేనూ ఇదే అడిగాను, కాస్త గట్టిగానే.

మాకు జబ్బు బయటపడడానికే ఏడాది పట్టింది. దండెం మీద బట్టలు ఆరేస్తుంటే ఎడమ చెయ్యి లాగేస్తోందనేది. విటమిన్ మాత్రలిచ్చి పంపేవారు. ఒకచోట నర్సు ఆ చేతికి మూడుసార్లు బీపీ చూసి, మెషిన్ పాడైందనుకుని బ్యాటరీలు మార్చింది. మెషిన్ బాగానే ఉంది, చేతిలో నాడే లేదు. కుడిచేతికి చూస్తే 160/50.

వాపు మీదున్న ధమని గోడ నానిన అట్టలాంటిదని, కుట్టు పట్టు నిలవదని సర్జన్ చెప్పారు. తర్వాత కుట్టు ఊడి లీకవచ్చు, అక్కడే మళ్లీ ఉబ్బొచ్చు. అందుకే ముందు వాపు తగ్గడానికి స్టెరాయిడ్స్, మెథోట్రెక్సేట్ అనే మందు. మా చెల్లికి ఐదు నెలలు పట్టింది. ముఖం గుండ్రంగా ఉబ్బిపోయి అద్దం చూసుకోవడమే మానేసింది. అయితే గుండె బలహీనపడి ఆయాసం ముదిరినా, ధమని చీలినా అన్నాళ్లు ఆగరు. ఛాతీలోనో వీపులోనో చీల్చేసే నొప్పి వస్తే వెంటనే ఎమర్జెన్సీకి పరుగెత్తండి.

తనకి చేసింది బెంటాల్ ఆపరేషన్. పాడైన వాల్వ్‌నీ ఉబ్బిన ధమని ముక్కనీ తీసేసి, వాల్వ్ అమర్చిన కృత్రిమ గొట్టం పెట్టి, గుండెకు రక్తమిచ్చే నాళాల్ని దానికి కుడతారు. తీసిన ముక్కని బయాప్సీకి పంపితే లోపల వాపు ఇంకా ఉందని వచ్చింది. వాపుని చూపించే రక్తపరీక్షలు ఈఎస్ఆర్, సీఆర్పీ రెండూ నార్మల్‌కి వచ్చాకే కోశారు మరి! అందుకే ఆపరేషన్ అయినా మందులు ఆగలేదు, ఏటా స్కానూ తప్పట్లేదు.

మీ అక్కకి పిల్లలు కావాలంటే ఏ రకం వాల్వ్ అన్నది ఇప్పుడే మాట్లాడుకోండి. మెటల్ వాల్వ్ పెడితే జీవితాంతం రక్తం పలచబరిచే మాత్ర, గర్భం వస్తే దానితో పెద్ద తంటా. మాకెవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. ఆ మాత్ర వేసుకుంటుంటే ఆకుకూరలు మానేయమని చుట్టాలంతా చెబుతారు. మానక్కర్లేదు, ఐఎన్ఆర్ (రక్తం ఎంత పలచబడిందో చెప్పే పరీక్ష) చూపించుకుంటూ రోజూ ఇంచుమించు ఒకే మోతాదులో తింటే చాలు. మావాళ్లింట్లో గోంగూర ఆగలేదు.

బీపీ ఏ చేతికి సరిగ్గా వస్తుందో అడిగి తెలుసుకోండి. మేం ఫైల్ అట్ట మీద స్కెచ్‌పెన్‌తో ‘బీపీ కుడిచేతికే’ అని రాసి పెట్టాం. అయినా వెళ్లిన ప్రతిసారీ ఎవరో ఒకరు ఎడమ చెయ్యే పట్టుకుంటారు.