కొత్త ఫోన్ కొనేముందు పాత ఫోన్‌ని అడగండి

ఈసారి వచ్చిన సందేహాల్లో చాలావరకు ఒకే విషయం చుట్టూ తిరుగుతున్నాయి. కొత్త ఫోన్‌లో దేనికి డబ్బు పెట్టాలి, దేన్ని వదిలేసినా పర్వాలేదు? అందుకే వాటన్నిటినీ ఒకచోట చేర్చి జవాబిస్తున్నాం.

ప్రశ్న: నాలుగేళ్లుగా వాడుతున్న ఫోన్ మార్చాలి. ర్యామ్ ముఖ్యమని ఒకరు, కెమెరా అని ఒకరు, ప్రాసెసర్ అని ఇంకొకరు చెబుతున్నారు. అన్నీ బాగున్న ఫోన్ నా బడ్జెట్‌కు అందదు. ముందు దేన్ని చూడాలి?

జవాబు: సగం జవాబు మీ పాత ఫోన్‌లోనే ఉంది. కొత్త మోడళ్ల వివరాలు చూడకముందే పాతదాంట్లో మూడు చోట్లకు వెళ్లి, కనిపించిన అంకెలు కాగితం మీద రాసుకోండి.

మొదటిది సెట్టింగ్స్‌లోని స్టోరేజ్. సిస్టమ్ వాటా పక్కన పెట్టి, ఫొటోలు, వీడియోలు, యాప్‌లు కలిపి ఎంత నిండిందో చూడండి. దాన్ని ఫోన్ వాడిన నెలలతో భాగించండి. 48 నెలల్లో 72 జీబీ నిండిందనుకుందాం. అంటే నెలకు ఒకటిన్నర జీబీ. కొత్త ఫోన్ ఐదేళ్లు వాడాలంటే మరో 90 జీబీ కావాలి. పాతవన్నీ అందులోకే తెచ్చుకుంటారు కాబట్టి మొత్తం 162 జీబీ. 128 జీబీ ఫోన్ మీకు చాలదని అప్పుడే తేలిపోయింది, పైగా అందులో సిస్టమ్, ముందే వేసి ఇచ్చిన యాప్‌లు కలిసి 20 జీబీ దాకా, కొన్నిట్లో ఇంకా ఎక్కువే తినేస్తాయి. వీడియోలు బాగా తీసేవారైతే ఈ లెక్కను పెంచుకోవాలి. ఐఫోన్‌లో హెచ్ఈవీసీ (వీడియో సైజు తగ్గించే) పద్ధతిలో తీస్తే 1080పీ వీడియో నిమిషానికి దాదాపు 60 ఎంబీ. అదే 4కెలో సెకనుకు 30 ఫ్రేములైతే 170 ఎంబీ, 60 ఫ్రేములైతే 400 ఎంబీ.

రెండోది ఆండ్రాయిడ్‌లో డిజిటల్ వెల్‌బీయింగ్, ఐఫోన్‌లో స్క్రీన్ టైమ్. ఏ యాప్‌లో రోజుకు ఎన్ని గంటలు గడుస్తున్నాయో అక్కడుంటుంది. మూడోది బ్యాటరీ పేజీ. రోజులో ఏ గంటలో చార్జ్ పడిపోతోందో, ఏది తాగేస్తోందో చూపిస్తుంది. వీడియోలకే మూడు గంటలు పోతుంటే మీకు స్క్రీన్, బ్యాటరీ ముఖ్యం. ఎండలో మ్యాప్‌లు చూసుకుంటూ తిరిగే పనైతే స్క్రీన్ వెలుతురు, సిగ్నల్ ముఖ్యం. గేములైతే చిప్ (అంటే ప్రాసెసర్), వేడి. గేములే ఆడనివారు ఖరీదైన గ్రాఫిక్స్ చిప్‌కు డబ్బు పోయడం వృథా.

ఆ తర్వాత ఫీచర్లను రెండుగా విడగొట్టండి. కొన్నాక మార్చుకోలేనివి ఒకవైపు, మార్చుకోగలిగేవి మరోవైపు. చార్జర్, ఇయర్‌ఫోన్లు, కేసు ఎప్పుడైనా కొనుక్కోవచ్చు. బ్యాటరీ సైతం మూడేళ్ల తర్వాత కొత్తది వేయించుకోవచ్చు. చిప్, స్టోరేజీ, నెట్‌వర్క్ బ్యాండ్లు (ఫోన్ అందుకోగల సిగ్నల్ రకాలు), సెన్సర్లు, కంపెనీ ఇచ్చే అప్‌డేట్ల గడువు మాత్రం మీరేం చేసినా మారవు. డబ్బు ముందు వీటికే.

వీటిలో చాలామంది అసలు చూడనిది స్టోరేజీ రకం. తక్కువ ధర ఫోన్లలో ఇప్పటికీ ఈఎంఎంసీ ఉంటుంది, కాస్త పైవాటిలో యూఎఫ్ఎస్. ఈఎంఎంసీ ఒకేసారి చదవడమూ రాయడమూ చేయలేదు, ఒకటి అయ్యాకే ఇంకొకటి. వెనకాల నాలుగు యాప్‌లు అప్‌డేట్ అవుతుండగా మీరు గ్యాలరీ తెరిస్తే ఫోన్ బిగుసుకుపోయేది అందుకే. యూఎఫ్ఎస్ రెండు పనులూ ఒకేసారి చేస్తుంది. వేగం చూసినా ఈఎంఎంసీ సెకనుకు 400 ఎంబీ దాటలేదు. యూఎఫ్ఎస్ 2.2 దాదాపు 1,000 ఎంబీ, 3.1 దాదాపు 2,000, 4.0 అయితే 4,000 ఎంబీ దాకా చదవగలవు. యూఎఫ్ఎస్ 2.2 ఉంటే మామూలు వాడకానికి సరిపోతుంది. ఈఎంఎంసీ అని రాసుంటే మాత్రం ధర ఎంత తక్కువైనా ఆ మోడల్ వదిలేయమనే చెబుతాం. ఏ రకమైనా అంచుదాకా నింపితే నత్తనడకే, కాబట్టి పదో వంతైనా ఖాళీగా ఉంచండి.

చిప్ విషయంలో ‘ఎనిమిది కోర్లు’ (చిప్‌లో పని పంచుకునే భాగాలు) అన్న మాటను పట్టించుకోకండి. ఆ ఎనిమిదీ కార్టెక్స్-ఏ53, ఏ55 లాంటి చిన్న కోర్లే అయితే రెండేళ్లకే ఫోన్ మొరాయిస్తుంది. కనీసం రెండు కోర్లు ఏ76, ఏ78 లేదా అంతకంటే కొత్తవై ఉండాలి. చిప్ పేరుతో వెతికితే ఈ వివరం ఇట్టే దొరుకుతుంది.

ఇక అప్‌డేట్లు. ‘ఏడేళ్ల అప్‌డేట్లు’ అంటే మీరు కొన్న రోజు నుంచి ఏడేళ్లు కాదు, ఆ మోడల్ విడుదలైన నాటి నుంచి. పిక్సెల్ 8 వచ్చింది 2023లో, గెలాక్సీ ఎస్24 వచ్చింది 2024లో. రెండిటికీ ఏడేళ్ల మాట ఇచ్చారు. రెండేళ్లు ఆగి డిస్కౌంట్‌లో కొన్నవారికి మిగిలేది ఐదేళ్లే. అందుకే ధరను మిగిలిన సంవత్సరాలతో భాగించి చూడండి. చౌకగా కనిపించిన పాత మోడల్ సంవత్సరానికి లెక్కేస్తే కొత్తదానికంటే ఖరీదుగా తేలడం మామూలే. ఆండ్రాయిడ్ కొత్త వెర్షన్లు ఎన్ని, సెక్యూరిటీ అప్‌డేట్లు ఎన్నేళ్లు అన్నవి రెండు వేరు వేరు లెక్కలు. డబ్బు లావాదేవీలు ఫోన్‌లోనే చేసేవారికి రెండోదే కీలకం.

ప్రశ్న: ‘8 జీబీ + 8 జీబీ ర్యామ్’ అని రాసిన ఫోన్ కొంటే 16 జీబీ ఉన్నట్టేనా?

జవాబు: కాదు. అసలు ర్యామ్ 8 జీబీనే. రెండో 8 జీబీ స్టోరేజీలోంచి అరువు తీసుకున్న చోటు. వాడకుండా పడున్న యాప్‌ల సమాచారాన్ని ఫోన్ అక్కడికి నెట్టేస్తుంది. స్టోరేజీ ఎంత వేగమైనదైనా ర్యామ్‌కు సాటిరాదు. పైగా మీ ఫొటోలకు మిగలాల్సిన 8 జీబీ పోతుంది. సెట్టింగ్స్‌లో ర్యామ్ ఎక్స్‌పాన్షన్, ర్యామ్ ప్లస్ లాంటి పేరుతో ఉంటుంది, ఆపేసి ఫోన్ రీస్టార్ట్ చేయండి. తేడా కనిపించకపోతే ఆపేసే ఉంచండి.

ర్యామ్ చాలడం లేదని ఎలా తెలుస్తుంది? బ్రౌజర్‌లో ఫారం సగం నింపారు. ఓటీపీ చూడటానికి మెసేజ్‌లలోకి వెళ్లి తిరిగొచ్చారు. పేజీ మళ్లీ మొదటి నుంచి లోడ్ అయ్యి, నింపిందంతా పోయింది. ఇదే గుర్తు. అయితే కొన్ని ఫోన్లలో బ్యాటరీ ఆదా పేరుతో వెనకున్న యాప్‌లను సిస్టమే మూసేస్తుంటుంది. ఆ యాప్ ఇన్ఫోలోకి వెళ్లి, బ్యాటరీ దగ్గర ‘అన్‌రిస్ట్రిక్టెడ్’ పెట్టి చూడండి. అయినా అంతే ఉంటే ర్యామ్ కొరతే. ఇప్పుడు కొనేవారికి 8 జీబీ సరైన తూకం. 6 జీబీతో నెట్టుకురావచ్చు. 4 జీబీ వద్దు. 12 జీబీ పెద్ద గేములు ఆడేవారికే అక్కరకొస్తుంది.

ప్రశ్న: 108 మెగాపిక్సెల్ కెమెరా ఉన్న ఫోన్, ఓఐఎస్ ఉన్న 50 మెగాపిక్సెల్ ఫోన్ ఒకే ధరలో దొరుకుతున్నాయి. పిల్లల ఫొటోలే ఎక్కువ తీస్తాను. ఏది మేలు?

జవాబు: ఓఐఎస్ ఉన్న 50 మెగాపిక్సెల్‌దే. మొదట అంకెల సంగతి. 108 మెగాపిక్సెల్ కెమెరా మామూలుగా తొమ్మిది పిక్సెళ్లను ఒక్కటిగా కలిపి 12 మెగాపిక్సెల్ ఫొటో ఇస్తుంది. 50 మెగాపిక్సెల్‌ది నాలుగింటిని కలిపి 12.5 ఇస్తుంది. చివరికి మీ గ్యాలరీలో చేరేవి ఇంచుమించు ఒకే సైజు ఫొటోలు.

తేడా తెచ్చేది సెన్సర్ సైజు. 1/1.56 అంగుళాలు, 1/2.76 అంగుళాలు అని రాస్తారు. గీత కింద అంకె ఎంత చిన్నదైతే సెన్సర్ అంత పెద్దది, వెలుతురు అంత ఎక్కువ పడుతుంది. ఇక ఓఐఎస్ అంటే మీ చేయి వణికినప్పుడు ఆ కదలికకు ఎదురుగా లెన్స్‌ను జరిపే ఏర్పాటు. రాత్రిపూట గదిలో షటర్ ఎక్కువసేపు తెరుచుకుని ఉండాలి, ఆ కాస్త సమయంలో చేయి కదిలినా ఫొటో అలుక్కుపోతుంది. ఓఐఎస్ ఆపేది అదే. సాఫ్ట్‌వేర్‌తో చేసే ఈఐఎస్ వీడియో అంచులు కత్తిరించి కుదుపు తగ్గిస్తుందే తప్ప, అలుక్కుపోయిన ఫొటోను బాగుచేయలేదు.

ఒక్క మాట గుర్తుంచుకోండి. ఓఐఎస్ మీ చేతి వణుకును ఆపుతుంది, పరిగెత్తే పిల్లాడిని కాదు. దానికి వెలుతురు కావాలి, నొక్కగానే క్లిక్‌మనే కెమెరా కావాలి. షాపులో ఇలా పరీక్షించండి. వెలుతురు తక్కువున్న మూలలో పక్కనున్నవారిని చేయి ఊపమని వరసగా ఐదు ఫొటోలు తీయండి. అదే స్క్రీన్ మీద పెద్దవి చేసి వేళ్లు విడివిడిగా కనిపిస్తున్నాయో లేదో చూడండి. ఐదింటిలో మూడు బాగుంటే మంచి కెమెరానే.

2 మెగాపిక్సెల్ మాక్రో, 2 మెగాపిక్సెల్ డెప్త్ కెమెరాలు లెక్క పెంచడానికే ఉన్నవి, వాటిని లేనట్టే అనుకోండి. పెద్ద సెన్సర్ ఫోన్లకు ఓ చిన్న చిక్కుంది. కాగితాన్ని బాగా దగ్గర నుంచి తీస్తే నడుమ స్పష్టంగా, అంచులు మసకగా వస్తాయి. కెమెరా పాడైందని కంగారు పడకండి. ఓ అడుగు వెనక్కి జరిగి 2ఎక్స్ జూమ్‌తో తీయండి, సరిపోతుంది.

ప్రశ్న: 120 వాట్ల చార్జింగ్ ఉన్నది తీసుకోవాలా, పెద్ద బ్యాటరీతో 33 వాట్లది తీసుకోవాలా? ఫాస్ట్ చార్జింగ్‌తో బ్యాటరీ పాడవుతుందంటున్నారు.

జవాబు: బ్యాటరీని దెబ్బతీసేది వేడి. చార్జర్ మీది వాట్లు ఎప్పుడూ అంతే ఉండవు. మొదటి సగం వేగంగా ఎక్కి, 80 శాతం దాటాక ఫోనే బాగా తగ్గించేస్తుంది. కాబట్టి వేగం కంటే చార్జవుతున్నప్పుడు గేమ్ ఆడటం, దిండు కింద పెట్టడం, ఎండ పడే డాష్‌బోర్డు మీద వదిలేయడం ఎక్కువ నష్టం.

పెద్ద బ్యాటరీకే మా మొగ్గు. ఎందుకంటే బ్యాటరీ ఆయుష్షును సైకిళ్లలో లెక్కిస్తారు. నూరు శాతం వాడితే ఒక సైకిల్. 50 శాతం చొప్పున రెండు రోజులు వాడినా ఒక సైకిలే. యూరోపియన్ యూనియన్‌లో 2025 జూన్ 20 నుంచి అమలైన నిబంధన ప్రకారం 800 సైకిళ్ల తర్వాత కూడా బ్యాటరీలో కనీసం 80 శాతం సామర్థ్యం మిగలాలి. ఐఫోన్ 15 నుంచి ఆపిల్ చెప్పేది 1,000 సైకిళ్లు, అంతకుముందు మోడళ్లకు 500. రోజూ పూర్తిగా ఖాళీ చేసేవారికి 800 సైకిళ్లు రెండేళ్ల రెండు నెలల్లో అయిపోతాయి. పెద్ద బ్యాటరీ తీసుకుని రోజుకు సగమే వాడితే నాలుగేళ్లు దాటుతుంది. సెట్టింగ్స్‌లో 80 శాతం దగ్గర చార్జింగ్ ఆపే వీలుంటే అదీ పెట్టుకోండి.

120 వాట్ల వేగం సాధారణంగా ఆ కంపెనీ చార్జర్, ఆ కంపెనీ కేబుల్ ఉంటేనే వస్తుంది. వేరే చార్జర్ పెడితే చాలా తక్కువకు పడిపోతుంది. వేర్వేరు కంపెనీలకు ఉమ్మడిగా ఉండే ‘యూఎస్‌బీ పీడీ, పీపీఎస్’ చార్జింగ్ పద్ధతులు కూడా పనిచేస్తాయని రాసున్న ఫోన్ అయితే ఒకే చార్జర్‌తో ఇంటిల్లిపాదికీ గడుస్తుంది.

ప్రశ్న: నా ఫోన్‌కు నీళ్లను తట్టుకునే ఐపీ68 రేటింగ్ ఉంది కదా, ఈత కొడుతూ వీడియో తీయవచ్చా?

జవాబు: వద్దు. ఐపీ67 అంటే ఒక మీటరు లోతు మంచినీటిలో 30 నిమిషాలు. ఐపీ68 లోతును కంపెనీయే చెబుతుంది. రెండు పరీక్షలూ కదలని మంచినీటిలోనే. ఉప్పునీరు, క్లోరిన్, సబ్బు వాటి లెక్కలో లేవు. లోపలి జిగురు ఏళ్లు గడిచేకొద్దీ వదులవుతుంది, ఒకసారి స్క్రీన్ మార్పిస్తే ఇంకా ముందే. నీళ్లు దిగిన ఫోన్‌కు సాధారణంగా వారంటీ వర్తించదు. వానలో తడిసినా కంగారు లేకుండా ఉండటానికి ఇది మంచి ఫీచర్, అంతవరకే.

ప్రశ్న: మా అమ్మకు 68 ఏళ్లు. కాల్స్, వీడియో కాల్స్, మెసేజ్‌లు చాలు. ఏం చూడాలి?

జవాబు: కెమెరా, చిప్ పక్కన పెట్టండి. స్పీకర్ గట్టిగా, స్పష్టంగా ఉండాలి, బరువు 200 గ్రాములు దాటకూడదు. షాపులోనే ఫాంట్ సైజు, డిస్‌ప్లే సైజు రెండూ పెద్దవి చేసి, మెసేజ్ యాప్ తెరవండి. బటన్లు తెగిపోకుండా కనిపిస్తే మంచిది. స్క్రీన్ లోపలి వేలిముద్ర సెన్సర్ అరిగిన, పొడిబారిన వేళ్లను తరచూ గుర్తుపట్టదు. పక్కన బటన్‌లో ఉన్నదే నయం. అదే వేలిని రెండుసార్లు నమోదు చేయండి. వినికిడి యంత్రం వాడుతుంటే అది ఏ ఫోన్లతో కలుస్తుందో యంత్రం తయారీదారుల జాబితాలో చూశాకే మోడల్ ఎంచుకోండి.

ప్రశ్న: ఫోన్ కొన్నాక, వాపసు గడువు ముగిసేలోపు ఏమేం సరిచూసుకోవాలి?

జవాబు: *#06# నొక్కితే వచ్చే ఐఎంఈఐ (ఫోన్ గుర్తింపు సంఖ్య), పెట్టె మీదిదీ ఒకటేనా చూడండి. రెండు సిమ్‌లతోనూ కాల్ చేయండి. కాల్ మధ్యలో 4జీ గుర్తు పోయి 2జీ, 3జీకి పడిపోతే వోల్టీ (4జీ మీదే కాల్ నడిపే ఏర్పాటు) పనిచేయడం లేదన్నమాట, వేరే దేశంలో అమ్మకానికి చేసిన ఫోన్లలో ఇది తరచూ వస్తుంది. చెవి దగ్గర పెట్టుకోగానే స్క్రీన్ ఆరిపోవాలి. కొన్ని ఫోన్లలో అసలైన ప్రాక్సిమిటీ సెన్సర్ ఉండదు, ఆ పనిని సాఫ్ట్‌వేర్‌తో నెట్టుకొస్తారు, చెంప తగిలి మ్యూట్ పడిపోతుంటుంది. మ్యాప్ తెరిచి నిలబడిన చోటే చుట్టూ తిరగండి. నీలి చుక్క ముందున్న వెలుగు మీతో పాటు తిరగకపోతే దిక్సూచి సెన్సర్ లేనట్టే. సినిమాల యాప్‌లో వీడియో ఎంత స్పష్టంగా వస్తోందో చూడండి, వైడ్‌వైన్ (సినిమాలు కాపీ కాకుండా కాపాడే ఏర్పాటు) కింది స్థాయి ఎల్3 మాత్రమే ఉన్న ఫోన్లలో స్క్రీన్ ఎంత మంచిదైనా సాధారణంగా 480పీకి మించి రాదు. రాత్రి గదిలో లైటు తీసేసి, వెలుతురు పూర్తిగా తగ్గించి, బూడిద రంగు బొమ్మ ఒకటి తెరవండి. ఒక పక్క ఆకుపచ్చగా, ఇంకో పక్క గులాబీగా కనిపిస్తే స్క్రీన్‌లో లోపముంది. మర్నాడే తిరిగి ఇచ్చేయండి.