ఇంటర్‌లో 962, ఎమ్‌వన్ మిడ్‌లో 9

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది పాలకొండ దగ్గర పల్లెటూరు. పదో తరగతి దాకా జెడ్పీ హైస్కూల్లో తెలుగు మీడియం, ఇంటర్ వైజాగ్‌లో రెసిడెన్షియల్ కాలేజీ. 962 మార్కులు వచ్చాయి. ఇప్పుడు కాకినాడలో బీటెక్ ఫస్టియర్. ఎమ్‌వన్ (మ్యాథ్స్ మొదటి పేపరు) మొదటి మిడ్‌లో, అంటే సెమిస్టర్ మధ్యలో పెట్టే పరీక్షలో, 30కి 9 వచ్చాయి. క్లాసులో ఇంగ్లిష్ అందడం లేదు. సాయంత్రం నాలుగున్నరకే హాస్టల్‌కి వచ్చేస్తాం. ఏం చదవాలో ఎవరూ చెప్పరు, ఫోన్ చూస్తూనే పదకొండు అయిపోతోంది. మా యాసలో నేను ‘ఏటి’ (ఏమిటి) అంటే రూమ్‌లో ముగ్గురూ నవ్వుతారు, అందుకని మాట్లాడటమే తగ్గించేశాను. మార్కుల సంగతి నాన్నకి చెప్పలేదు. సంక్రాంతికి ఇంటికెళ్తే అడుగుతారని ఇప్పటి నుంచే టెన్షన్. ఇంజనీరింగ్ నా వల్ల అవుతుందా?
– ఒక పాఠకురాలు

జవాబు: అవుతుంది తల్లీ. ముందు ఆ 9 సంగతి చూద్దాం, నేను ఎమ్‌వన్ చెప్పి, పేపర్లు దిద్ది రిటైరైనదాన్ని.

ఆంధ్రలో జేఎన్‌టీయూల పద్ధతిలో రెండు మిడ్‌లనీ సమానంగా చూడరు. ఎక్కువ వచ్చినదానికి 80 శాతం, తక్కువ వచ్చినదానికి 20 శాతం వెయిటేజీ. రెండో మిడ్‌లో 24 తెచ్చుకున్నావనుకో, అందులో 19.2, ఈ 9లో 1.8, వెరసి 30కి 21. అంటే మొదటి మిడ్ నిన్ను ముంచలేదు. సెమిస్టర్ చివరి పరీక్షలో 70కి కనీసం 25, మిడ్ మార్కులతో కలిపి మొత్తం మీద 100కి 40 వస్తే పాస్. మీ కాలేజీ వెబ్‌సైట్‌లో రెగ్యులేషన్స్ పీడీఎఫ్ ఉంటుంది, ఒకసారి తీసి చదువు. నాలుగేళ్ళు చదివి కూడా దాన్ని తెరవని పిల్లలున్నారు.

ఇక 9 ఎందుకొచ్చిందంటావా, నీ పేపరు చూడకుండానే ఊహించగలను. ఒక మాట్రిక్స్ (అంకెల పట్టిక) ఇచ్చి దాని ర్యాంక్ కనుక్కోమని లెక్క ఇస్తారు. ఇంటర్‌లో నీకు ఈఏపీసెట్ (పాత ఎంసెట్) పద్ధతి అలవాటైంది. నోటితో లెక్కేసి, ఆప్షన్లు చూసి టిక్ పెట్టడం. ఇక్కడ ఆప్షన్లు లేవు. రెండో వరసలోంచి మొదటి వరసకి రెండు రెట్లు తీసేశానని పక్కన రాయకుండా, మాట్రిక్స్ మార్చేసి కింద జవాబు మాత్రం రాసేసే పిల్లలని ఏటా చూసేదాన్ని. మధ్యలో ఒక మైనస్ జారిందంటే మొత్తం పోయినట్టే, నేను మార్కు వేద్దామన్నా వెయ్యడానికి అక్కడ ఏమీ ఉండదు. అదే ప్రతి వరస మార్పూ రాసిన అమ్మాయికి జవాబు తప్పైనా స్టెప్పులకి మార్కులు పడతాయి. పది పాత ప్రశ్నలు తీసుకుని ఒక్కొక్కటీ పూర్తిగా, తీరిగ్గా, తెల్ల కాగితం మీద రాయి. మాట్రిక్స్‌ల మీదే వచ్చే కేలీ-హామిల్టన్ సిద్ధాంతం లెక్కలు కూడా అంతే.

ఇంగ్లిష్‌కి బెంగ వద్దు. లెక్కల క్లాసులో తిరిగే మాటలు కొన్నే, అవే రోజూ వస్తాయి. రేపు చెప్పబోయే పాఠం ఈ రాత్రి ఒక పావుగంట చూసి వెళ్ళు, నోట్సులో పక్కన అర్థం తెలుగులోనే రాసుకో, నిన్నెవరూ పట్టుకోరు. డౌట్ అందరిలో అడగలేకపోతే క్లాసయ్యాక గుమ్మం దగ్గర ఆపి అడుగు. తెలుగులో అడిగితే తెలుగులోనే చెప్పే లెక్చరర్లు నువ్వనుకునేకంటే ఎక్కువే.

సాయంత్రాల విషయంలో తప్పు నీది కాదు. రెండేళ్ళపాటు తెల్లవారుజామున లేపినదీ, స్టడీ అవర్లో కూర్చోబెట్టినదీ వేరే వాళ్ళు. నీ పొద్దు నువ్వు నడుపుకునే అవకాశం ఇచ్చిందెవరు? ఆ కాలేజీల మీద నాకు చాలా కోపముంది, ఇక్కడ రాస్తే పేజీ చాలదు. అలాగని మళ్ళీ అలాంటి టైమ్‌టేబుల్ వేసుకోకు, మూడో రోజుకే తెగుతుంది. ఐదున్నర నుంచి ఏడున్నర దాకా, మెస్ తెరిచేలోపు, లైబ్రరీలో కూర్చో. ఫోన్ గదిలో వదిలెయ్యి. ఆ తర్వాత నీ ఇష్టం. పాటలు విను, ఎన్ఎస్ఎస్‌లో చేరు, నిద్రపో. హాజరు మాత్రం 75 శాతానికి తగ్గనివ్వకు. ఫీజు రీయింబర్స్‌మెంట్ కూడా దాంతోనే ముడిపడి ఉంది.

ఆ ‘ఏటి’ని మానకు. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పుట్టింది మీ శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలోనే, ఆ ముగ్గురికీ చెప్పు. ఒకసారి నవ్వితే నువ్వూ నవ్వెయ్. రోజూ అదే పనిగా ఏడిపిస్తుంటే ‘నాకు నచ్చట్లేదు’ అని మొహం మీదే చెప్పు, ఆపకపోతే వార్డెన్ దగ్గరికెళ్ళు. సీనియర్లు కూడా కలిసి వేధిస్తే ర్యాగింగ్ హెల్ప్‌లైన్ ఉంది, 1800-180-5522, ఏ వేళైనా పలుకుతారు.

నాన్నకి చెప్పడానికి సంక్రాంతి దాకా ఆగొద్దు. చాలా కాలేజీలు ఇప్పుడు మార్కులు తల్లిదండ్రుల ఫోన్‌కే పంపిస్తున్నాయి, అలా తెలిస్తే ఇంకా బాధపడతారు. పైన చెప్పిన 80-20 లెక్క కాగితం మీద వేసి పెట్టుకుని ఈ ఆదివారమే ఫోన్ చెయ్యి. నేరుగా నోరు రాకపోతే ముందు అమ్మకి చెప్పు, అమ్మ చేత చెప్పించు. మీ ఇంట్లో ఏ దారి పనిచేస్తుందో నాకంటే నీకే బాగా తెలుసు.