రోజూ ఫ్లష్ చేస్తున్నా ఆక్వేరియం ఆర్‌ఓలో టీడీఎస్ ఎందుకు తగ్గడం లేదు?

"రోజూ ఐదు నిమిషాలు ఫ్లష్ వాల్వ్ తిప్పుతున్నాను. అయినా ఆర్‌ఓ ఆన్ చేయగానే టీడీఎస్ 60 చూపిస్తోంది. డీఐ రెజిన్ నెల తిరక్కుండానే రంగు మారిపోతోంది. మెంబ్రేన్ పోయినట్టేనా?" అని ఒకరు అడిగారు. (టీడీఎస్ అంటే నీళ్లలో కరిగిన లవణాల మోతాదు. మెంబ్రేన్ అంటే ఆర్‌ఓలో లవణాలని ఆపే పొర. డీఐ రెజిన్ అంటే ఆర్‌ఓ దాటి వచ్చిన లవణాలని పట్టేసే గుళికలు, అవి నిండేకొద్దీ రంగు మారతాయి.)

ఆ ఒక్క అంకె చూసి మెంబ్రేన్ తీసి పారేయకండి. మీరు కడుగుతున్నది వేస్ట్ వైపు. మీ రెజిన్‌ని తినేస్తున్నది మంచినీళ్ల వైపు నిలిచిపోయిన నీళ్లు. ఈ రెండూ వేర్వేరు పనులు. రెండింటినీ ఫ్లష్ అనే పిలవడం వల్లే ఇంత గందరగోళం.

ఆర్‌ఓ నడుస్తున్నంతసేపూ ఒత్తిడికి నీళ్లు పొర దాటుతుంటాయి, లవణాలు వెనకబడతాయి. ఆపేయగానే నీళ్లు దాటడం ఆగుతుంది గానీ లవణాలు ఊరుకోవు. చిక్కటి వైపు నుంచి పలచటి వైపుకి మెల్లగా పాకుతూనే ఉంటాయి. దీన్నే టీడీఎస్ క్రీప్ అంటారు. రాత్రంతా ఆగి ఉన్న యూనిట్‌ని ఆన్ చేసి, డీఐకి ముందున్న పైపు కింద నిమిషానికో గ్లాసు పట్టి చూడండి. లోపలికి వచ్చే నీళ్లు 400 పీపీఎం (లీటరుకి సుమారు 400 మిల్లీగ్రాముల లవణాలు) అనుకుందాం. మొదటి గ్లాసు మీరన్నట్టే 60 చూపించవచ్చు, రెండోది 35, మూడోది 20, ఐదో గ్లాసుకి 10 దగ్గర నిలబడవచ్చు. గ్లాసులన్నీ వరసగా పెడితే కంటికి ఏ తేడా కనిపించదు. కానీ రెజిన్ మీద మొదటి గ్లాసు వేసే భారం ఐదో గ్లాసుకి ఆరు రెట్లు.

మందు చాలా చిన్నది. మెంబ్రేన్ నుంచి డీఐకి వెళ్లే పావు అంగుళం పైపుని మధ్యలో కోసి ఒక టీ జాయింట్ పెట్టండి, రెండు కొమ్మలకీ చెరో బాల్ వాల్వ్ బిగించండి. ఒకటి డీఐకి, ఒకటి బకెట్‌లోకి. ఆన్ చేసినప్పుడు డీఐ వాల్వ్ మూసి, బకెట్ వాల్వ్ తెరవండి. మీటర్ అంకె దిగి నిలకడగా ఉన్నాక డీఐది తెరిచి, బకెట్‌ది మూయండి. 75 జీపీడీ (రోజుకి 75 గ్యాలన్ల) మెంబ్రేన్ నిమిషానికి సుమారు 200 మిల్లీలీటర్లు ఇస్తుంది, అంటే ఐదు నిమిషాలకి పోయేది ఒక లీటరు. అదీ మొక్కలకి పనికొస్తుంది.

అన్నిటికంటే ఘోరం, ఆర్‌ఓని నేరుగా సంప్‌లోని (ఆక్వేరియం కింద ఉండే ఫిల్టర్ తొట్టిలోని) ఫ్లోట్ వాల్వ్‌కి కలిపేయడం. ఆవిరైన కొద్దీ అదే నింపుకుంటుందని చాలామంది ఇష్టపడి పెట్టుకుంటారు. నీళ్లు ఒక వేలెడు తగ్గగానే వాల్వ్ తెరుచుకుంటుంది, నిమిషంలో మూసుకుంటుంది, కాసేపటికి మళ్లీ తెరుచుకుంటుంది. అంటే రోజంతా వచ్చేది మొదటి గ్లాసు నీళ్లే. ఐదో గ్లాసు ఎప్పటికీ రాదు. దానికి బదులు మూడు నాలుగు రోజులకోసారి ఒకే దఫాలో 40, 50 లీటర్లు డ్రమ్ములోకి పట్టుకుని, అక్కణ్ణుంచి చిన్న పంపుతో టాప్ అప్ చేయండి. రెజిన్ ఎంతకాలం నిలుస్తుందో మీరే చూస్తారు.

ఇక మీరు చేస్తున్న వేస్ట్ వైపు ఫ్లష్ సంగతి. వేస్ట్ పైపులో ఉండే ఫ్లో రిస్ట్రిక్టర్ నీళ్లని బిగబట్టి మెంబ్రేన్ మీద ఒత్తిడి నిలబెడుతుంది. ఫ్లష్ వాల్వ్ తెరిస్తే నీళ్లు దాన్ని తప్పించుకుని మెంబ్రేన్ ఉపరితలం మీదుగా జోరుగా పారి, పేరుకున్నదాన్ని ఊడ్చుకుపోతాయి. ఆ సమయంలో ఒత్తిడి పడిపోతుంది కాబట్టి మంచినీళ్లు దాదాపు ఆగిపోతాయి. అందుకే ఈ ఫ్లష్ ఎంతసేపు చేసినా అవతలి వైపున్న పాత నీళ్లు కదలవు. రెండు మూడు నిమిషాలు చాలు, అరగంట చేస్తే నీళ్లు దండగ. ఆన్ చేసినప్పటి కంటే ఆపేముందు చేయడం ముఖ్యం. 4:1 నిష్పత్తిలో (నాలుగు వంతులు వేస్ట్, ఒక వంతు మంచినీళ్లు) నడిచే యూనిట్‌లో 400 పీపీఎం నీళ్లు బయటికి వెళ్లేసరికి 500 దాకా చిక్కబడతాయి. ఆపేముందు ఫ్లష్ చేస్తే మెంబ్రేన్ పక్కన రాత్రంతా ఆ చిక్కటి నీళ్లకి బదులు మామూలు కుళాయి నీళ్లు నిలుస్తాయి. సున్నం పట్టడం తగ్గుతుంది, క్రీప్ కూడా కొంత తగ్గుతుంది.

వేస్ట్ నీళ్లు చూసి మనసొప్పక రిస్ట్రిక్టర్ బిగించేవాళ్లకి ఒక మాట. నిష్పత్తి 1:1కి తెస్తే అదే 400 దాదాపు 800 అవుతుంది, మెంబ్రేన్ మీద సున్నం గట్టిపడుతుంది. ఒకసారి గట్టిపడ్డ సున్నం ఏ ఫ్లష్‌కీ పోదు. ఆ వేస్ట్ నీళ్లు ఇల్లు తుడవడానికి వాడుకోండి గానీ మెంబ్రేన్ గొంతు నొక్కకండి.

మెంబ్రేన్ నిజంగా పోయిందో లేదో తేల్చుకోవాలంటే పది నిమిషాలు నడిచాక కొలవండి. లోపలికి 400, బయటికి 10 అయితే 97.5 శాతం ఆపుతున్నట్టు, భేషుగ్గా ఉంది. 40 వస్తే 90 శాతమే. అప్పుడు కూడా ముందు మెంబ్రేన్ చివరి గొట్టానికున్న ఓ-రింగులు (రబ్బరు రింగులు) సరిగ్గా కూర్చున్నాయో లేదో చూడండి, ఒత్తిడి 40 పీఎస్‌ఐ కంటే తక్కువ ఉందేమో చూడండి. తర్వాత వేస్ట్ పైపు నీళ్లలో క్లోరిన్ స్ట్రిప్ ముంచండి. అవి మెంబ్రేన్‌కి ముందుండే కార్బన్ ఫిల్టర్ దాటి వచ్చిన నీళ్లే కదా. క్లోరిన్ కనిపించిందంటే కార్బన్ అయిపోయినట్టు. క్లోరిన్ మెంబ్రేన్ పొరనే తినేస్తుంది, ఆ నష్టాన్ని కడిగి బాగుచేయలేం. కార్బన్ మార్చకుండా కొత్త మెంబ్రేన్ వేస్తే దానికీ అదే గతి.

కొత్త ఫిల్టర్లు వేసేటప్పుడు జరిగే తప్పు చూస్తే బాధేస్తుంది. అన్నీ ఒకేసారి బిగించి కుళాయి తిప్పేస్తారు, బిగించడానికి వచ్చినవాళ్లు కూడా. కార్బన్ నల్లపొడి అంతా పోయి మెంబ్రేన్‌లో చిక్కుకుంటుంది. కార్బన్ తర్వాతి పైపు విప్పి, నీళ్లు తేటగా వచ్చేదాకా బకెట్‌లోకి వదలండి. ఆ తర్వాతే మెంబ్రేన్‌కి కలపండి. కొత్త మెంబ్రేన్‌లో నిల్వ కోసం వేసిన రసాయనం ఉండొచ్చు, కాబట్టి మొదటి గంట రెండు గంటల నీళ్లు పారబోయండి. ఆ నీళ్లు డీఐలోకి వెళ్లకూడదు, చేపల దగ్గరికి అసలే వెళ్లకూడదు.