పాత డీజిల్ పికప్ నడుస్తూనే ఆగిపోతోందా? పంపు దించే ముందు ట్యాంకు చూడండి

పరకాల నుంచి అడిగిన తమ్ముడికి. మీ బాపు నడిపే 2009 మోడల్ డీజిల్ పికప్ స్లోలో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజన్ ఊరికే నడుస్తున్నప్పుడు, వణుకుతోంది, రోడ్డు మీద ఉన్నట్టుండి ఆగిపోతోంది, ఓ పది నిమిషాలాగి సెల్ఫ్ కొడితే మళ్లీ స్టార్ట్ అవుతోంది, మెకానికేమో ప్రెషర్‌తో డీజిల్ పంపే పెద్ద పంపు, దాన్ని సిలిండర్లలోకి చిమ్మే నాజిళ్లు రెండూ దించాలంటున్నాడు అని రాశావు. ఇప్పుడే దించనీయకు తమ్మీ. ఆ మాట విని నేను పద్నాలుగు వేలు పెట్టాను, రోగం మాత్రం అక్కడ లేదు.

నాదీ అలాంటి పాత బండే, కంప్యూటర్ గింప్యూటర్ లేని మెకానికల్ పంపు ఇంజన్. మిర్చి సీజన్‌లో నర్సంపేట వైపు నుంచి ఎనుమాముల మార్కెట్‌కు బస్తాలు వేస్తుంటాను. ఒకరోజు తెల్లారకముందే, గీసుగొండ దాటాక, రేసు దానంతటదే ఎక్కుతూ దిగుతూ ఊగింది, రెండు మూడు జర్కులిచ్చి ఆగింది. పక్కన కూర్చున్న రైతు ఏమీ అనలేదు గానీ ఫోన్ తీసి టైం చూసుకోవడం మొదలుపెట్టాడు, దానికంటే తిట్టినా బాగుండేది. ఫీడ్ పంపు (ట్యాంకు నుంచి డీజిల్ గుంజి పెద్ద పంపుకు అందించే చిన్న పంపు) మీది ప్రైమర్, అంటే చేత్తో డీజిల్ ఎక్కించేది, కొట్టి కొట్టి ఎట్లనో మార్కెట్ చేర్చాను. డీజిల్ ఫిల్టర్ మార్చాను, తగ్గలేదు. పెద్ద పంపు దించి క్యాలిబ్రేషన్ (డీజిల్ కొలత సరిచేయడం) చేయించాను, నాలుగు నాజిళ్లూ మార్పించాను. నాలుగు రోజులు కొత్త బండిలా నడిచింది, ఐదో రోజు మళ్లీ అదే కథ. పంపు షాపాయన మోసం చేశాడని తిట్టుకున్నాను కూడా, పాపం.

తర్వాత ఓ ముసలి మెకానిక్ బానెట్ కూడా ఎత్తకుండా ఒకటే అడిగాడు, ఆగినప్పుడల్లా డీజిల్ ముల్లు ఎక్కడుంటోంది అని. గుర్తు చేసుకుంటే ప్రతిసారీ సగం కిందికి దిగాకే. ఆ నాలుగు రోజులు బాగా నడవడానికి కారణం క్యాలిబ్రేషన్ కాదు, షాపు నుంచి వస్తూ ట్యాంకు ఫుల్ చేయించాను, అంతే.

ఆయన ఐదు లీటర్ల క్యాన్‌లో శుభ్రమైన డీజిల్ పోసి, బానెట్ దగ్గర ఎత్తులో కట్టి, ట్యాంకు పైపు విప్పేసి క్యాన్ నుంచి నేరుగా ఫీడ్ పంపుకు పైపు పెట్టాడు. నాజిళ్ల నుంచి వచ్చే రిటర్న్ పైపు కూడా అదే క్యాన్‌లో వేశాడు. అరగంట నడిపినా ఒక్క జర్క్ లేదు. అంటే పంపు మంచిదే, తేడా ట్యాంకుకూ ఫీడ్ పంపుకూ మధ్యనే ఉంది. ట్యాంకులోంచి డీజిల్ గుంజే పైపు బయటికి తీస్తే సగం ఎత్తులో తుప్పు మచ్చ, గోరుతో గీరితే పొలుసు రాలి సూది మొన పట్టేంత బొక్క కనిపించింది. డీజిల్ దానికంటే పైన ఉన్నన్నాళ్లూ ఏమీ కాదు, మట్టం దిగిందా గాలి పీల్చేస్తుంది. ఫీడ్ పంపు దాకా ఆ లైన్‌లో ఉండేది గుంజుడే కాబట్టి చీలిన రబ్బరు పైపైనా, వదులు క్లిప్పైనా డీజిల్ బయటికి కారకుండా గాలి లోపలికి పోవచ్చు. పైపు పొడిగా ఉందని లీకేజీ లేదనుకోవడం అందరం చేసే తప్పే. ఫీడ్ పంపు ముందు జానెడు తెల్లటి డీజిల్ పైపు ముక్క పెడితే బుడగలు కంటికే కనిపిస్తాయి. విప్పిన చోటల్లా రాగి వాషర్లు కొత్తవే వేయించు, పాతవాటితో మళ్లీ గాలి పడుతుంది.

అయితే మీది నా కేసు కాకపోవచ్చు. గాలి పడితే మామూలుగా ప్రైమర్ కొట్టాల్సి వస్తుంది, మీది ఊరికే పది నిమిషాలు వదిలేస్తే స్టార్ట్ అవుతోంది. అందుకే నాకు ట్యాంకు మూత మీద, లోపల డీజిల్ గుంజే పైపు కొసన ఉండే జాలి మీద అనుమానం. మూతలో గాలి పోయే సన్నటి రంధ్రం దుమ్ముతో మూసుకుపోతే డీజిల్ తగ్గేకొద్దీ ట్యాంకులో గాలి గుంజుకుపోయి పంపుకు డీజిల్ అందదు, కాసేపటికి ఎక్కడినుంచో కొంచెం గాలి చేరి సర్దుకుంటుంది. ఈసారి ఆగగానే మూత తిప్పి చూడు, బుస్సుమని గాలి లోపలికి పోతే దొరికినట్టే. జాలికి చెత్త పట్టినా ఇలాగే ఉంటుంది, ఇంజన్ ఆగాక చెత్త కిందికి జారుతుంది. ఊగడం, జర్కులు ఏమీ లేకుండా కీ తీసినట్టు టక్కున ఆగితే మాత్రం పంపు మీద డీజిల్ ఆపే సొలెనాయిడ్ (కరెంటుతో పనిచేసే వాల్వు) ఉందేమో, దాని వైరు వదులైందేమో చూడాలి.

స్లోలో వణుకుడు సంగతి వేరే. ట్యాంకు నిండా ఉన్నా మిస్సింగ్ కొడుతుంటే, స్లోలో పెట్టి 17 పానాతో ఒక్కో నాజిల్ పైపు నట్టు కొంచెం వదులు చేసి బిగించాలి. ఏది వదిలినా సౌండ్ మారాలి, దేనికి మారదో ఆ సిలిండర్ పని చేయట్లేదు. నాజిలో, వాల్వో, కంప్రెషనో తర్వాత తేల్చుకోవచ్చు, నాలుగూ మార్చే పని లేదు. ఇది మాత్రం మెకానిక్‌తోనే చేయించు, చిమ్మే డీజిల్ ముందు చేయి పెడితే చర్మంలోకి దూరుతుంది. కామన్ రైల్ బండికైతే (కంప్యూటర్‌తో నడిచే కొత్త రకం డీజిల్ ఇంజన్) ఈ పని అసలు చేయొద్దు, అందులో ప్రెషర్ వేరే లెవెల్.

ముందు ఫిల్టర్ కింది స్క్రూ వదిలి గాజు గ్లాసులో పట్టి చూడు, అడుగున నీళ్లు తేరుతాయేమో. మూత, ముల్లు సంగతి కూడా చూసి ఇక్కడే రాయి.