డ్రాయింగ్ అంటే గీయడమా, లాగడమా?

సందేహం: నమస్కారమండీ. డ్రాయింగ్ అన్న మాటకు తెలుగులో సరైన మాట ఏది? చిత్రలేఖనం అనాలా, చిత్రకళ అనాలా, రేఖాచిత్రం అనాలా? మా పాప "బొమ్మ డ్రా చేశాను" అంటుంది. నేను "డబ్బులు డ్రా చేశాను" అంటాను. మ్యాచ్ కూడా డ్రా అవుతుంది. ఇవన్నీ ఒకటే మాటా? డ్రాయింగ్ రూమ్‌కీ బొమ్మలకీ ఏమైనా సంబంధం ఉందా? "బొమ్మ డ్రా చేశాను" అనకూడదంటే ఇంట్లో ఎవరూ ఒప్పుకోవడం లేదు, మీరే చెప్పాలి.

సమాధానం: నమస్కారం. ఇంగ్లీషువాళ్ళకు ఇవన్నీ ఒకటే మాటండీ. తెలుగులోకి వచ్చేసరికి మాత్రం అది నాలుగైదు మాటలుగా విడిపోయింది, ఆ విడిపోవడం కూడా ఒక పద్ధతి ప్రకారమే జరిగింది. మీ ఇంట్లో వాదన తేలాలంటే ముందు ఆ మాట అసలు అర్థం చూడాలి.

డ్రా అంటే మొదటి అర్థం లాగడం, ఈడ్వడం. పాత ఇంగ్లీషులో దీని రూపం ద్రగన్. మనం ఇప్పుడు కంప్యూటర్ మీద డ్రాగ్ చేయడం అంటున్నామే, ఆ డ్రాగ్ కూడా ఈ కుటుంబంలోదే. డ్రాఫ్ట్ కూడా అంతే. పెన్నునో బొగ్గునో కాగితం మీద ఆనించి ఇటునుంచి అటు లాగితే వెనకాల ఒక గీత మిగులుతుంది కదా, ఆ లాగడాన్ని బట్టే గీయడానికి డ్రా అన్న పేరు వచ్చింది. లాటిన్ సంగతీ ఇలాగే ఉంటుంది. పోర్‌ట్రెయిట్ అన్న మాటను తవ్వుకుంటూ పోతే అడుగున కనిపించేది బయటికి లాగడం అన్న అర్థమే.

లాగడం అన్న ఈ ఒక్క అర్థం పట్టుకుంటే ఇంగ్లీషులో డ్రా వచ్చే చోట్లన్నీ విడిపోతాయి. బావిలోంచి నీళ్ళు లాగినా డ్రా, ఒరలోంచి కత్తి లాగినా డ్రా, నరంలోంచి రక్తం లాగినా, పెట్టెలోంచి చీటీ లాగినా, ఊపిరి లోపలికి లాగినా, ఖాతాలోంచి డబ్బు లాగినా అన్నీ డ్రాయే. ఇప్పుడు వీటినే మనం ఎలా అంటామో చూడండి. నీళ్ళు తోడతాం, లేదా చేదతాం. కత్తి దూస్తాం. రక్తం తీస్తాం, చీటీ తీస్తాం, డబ్బు తీస్తాం. ఊపిరి పీలుస్తాం. తెర లాగుతాం. బంగారాన్నో రాగినో సన్నటి రంధ్రంలోంచి లాగి తీగగా సాగదీస్తే దాన్నీ ఇంగ్లీషులో డ్రాయింగ్ అనే అంటారు, మనం తీగ లాగడం అంటాం. ఒక్కో పనికి ఒక్కో క్రియ ఉంది మనకు. దూయడం అన్న మాట చూడండి, కత్తికి తప్ప ఇంకో వస్తువుకు దాదాపు వాడం, అయినా ఈ రోజుకీ అందరికీ తెలుసు. ఇన్ని మాటలు చేతిలో ఉన్న భాషను "డ్రా" అనే ఒక్క కొక్కేనికి తగిలించడం నాకు కష్టంగా ఉంటుంది.

ఇక మన గీయడం సంగతి. ఇంగ్లీషు మాట లాగడంలోంచి పుడితే మన మాట గీరడంలోంచి పుట్టింది. గీకు, గీరు, గీచు, గీయు, గీటు, గీత ఇవన్నీ పక్కపక్కన పెట్టి చదవండి, చుట్టరికం చెవికే తెలుస్తుంది. గట్టి వస్తువు మీద మొనతో గీరితే పడే చార గీత. అందుకే ఈ క్రియ బొమ్మల దగ్గర ఆగదు. అగ్గిపుల్ల గీస్తాం, గడ్డం గీసుకుంటాం, కల్లు గీస్తారు. గీత కార్మికులు అన్న మాటలో గీత ఆ గీతే, చెట్టుకు గాటు పెట్టి కల్లు దించడం. బంగారాన్ని గీసి చూసే రాయి గీటురాయి. ఒకరి మాట జవదాటని మనిషిని "ఆయన గీసిన గీత దాటడు" అంటాం. సంస్కృతంలోనూ ఇదే వరస, లిఖ్ అన్న ధాతువుకు మొదట గీకడం, గీరడం అనే అర్థం, ఆ తరవాతే రాయడం, బొమ్మ గీయడం. లేఖ, లేఖనం, రేఖ ఒకే గూటి మాటలు.

రాయడానికీ గీయడానికీ మధ్య ఇప్పుడు మనం కట్టిన గోడ పాత తెలుగులో అంత ఎత్తుగా లేదు. వ్రాయు అన్న క్రియకు కావ్యభాషలో బొమ్మ వేయడమనే అర్థం కూడా ఉంది, చిత్తరువు వ్రాయడం అంటే పటం మీద రూపం దించడమే. శ్రీకాళహస్తిలో కలంతో బట్ట మీద బొమ్మలు వేసే పనిని వ్రాతపని అనేవారు. అచ్చుదిమ్మలతో చేస్తే అద్దకం, కలంతో చేస్తే వ్రాత. ఎంత స్పష్టమైన విభజనో చూడండి. (నూనె రాయడం, మందు రాయడంలో ఉన్న రాయు వేరే క్రియ. రుద్దడమనే అర్థం దానిది. వ్రాయులో వకారం పలకడం మానేశాక రెండూ ఒకేలా వినిపిస్తున్నాయి.) చిత్తరువు అన్న మాటను ఇప్పుడు విడిగా ఎవరూ వాడటం లేదు గానీ "చిత్తరువులా నిలబడిపోయాడు" అన్నప్పుడు మాత్రం ఇంకా బతికే ఉంది.

గీయడం ఒక్కటే కాదు, వేయడం కూడా ఉంది. బొమ్మ గీశాడు, బొమ్మ వేశాడు రెండూ సరైనవే, కానీ రెండూ అచ్చంగా ఒకటి కాదు. గీయడం అంటే గీతతో పని, వేయడం అంటే గీతా రంగూ రెండూ కలిపి రూపం తేవడం. రంగులు వేశాడు అంటాం, రంగులు గీశాడు అనం. ముగ్గు వేయడమే ఎక్కువ వింటాం. ఇంగ్లీషులో డ్రాయింగ్‌కూ పెయింటింగ్‌కూ ఉన్న తేడాను మనం పేరుతో కాక క్రియతో చూపిస్తున్నామన్నమాట. బొమ్మ అన్న మాట ఒంటరిగా ఏ తేడా చూపించదు. చెక్కబొమ్మా బొమ్మే, కాగితం మీద బొమ్మా బొమ్మే, తెర మీద ఆడే సినిమాను కూడా బొమ్మే అంటారు. పక్కన క్రియ పడగానే అర్థం తేలుతుంది. బొమ్మ చేశాడు, బొమ్మ చెక్కాడు, బొమ్మ గీశాడు. ఫోటో దగ్గరికి వచ్చేసరికి తీశాడు అంటాం. కెమెరా ఉన్న రూపాన్ని తీసుకుంటుంది, చెయ్యి లేని రూపాన్ని వేస్తుంది. ఈ తేడా తెలుగు మాట్లాడే ప్రతి పిల్లకూ ఎవరూ నేర్పకుండానే వస్తుంది, నాకు చాలా ఇష్టమైన విషయం ఇది.

మీరు అడిగిన మూడు మాటల్లో చిత్రలేఖనం అంటే బొమ్మలు గీసే, వేసే పని, లేదా ఆ విద్య. బళ్ళో పాఠ్యాంశంగా డ్రాయింగ్ అన్నప్పుడు దానికి సరిపోయే మాట ఇదే. చిత్రకళ ఇంకా పెద్దది, ఆ కళ మొత్తం, దాని చరిత్ర, దాని పద్ధతులు అన్నీ అందులోకి వస్తాయి. రేఖాచిత్రం అంటే గీతలతో మాత్రమే గీసిన చిత్రం. ఇంగ్లీషు డ్రాయింగ్‌కు అచ్చమైన అర్థంలో దగ్గరగా వచ్చేది ఇదే కానీ మాటల్లో ఎవరూ వాడరు, పైగా గణితంలో గ్రాఫ్‌కూ, సాహిత్యంలో ఒక మనిషి గురించి క్లుప్తంగా రాసిన రచనకూ కూడా ఇది పేరైంది. కాబట్టి పాప గీసిన పిల్లి బొమ్మను రేఖాచిత్రం అనాల్సిన పని లేదు, బొమ్మ అంటే చాలు. సైన్సు పరీక్షల్లో "పటం గీసి భాగాలు గుర్తించండి" అని అడుగుతారు గుర్తుందా, అక్కడ పటం. చిత్రం అన్నా తప్పు లేదు గానీ, చిత్రం అన్న మాటలో వింత అన్న అర్థం కూడా నడుస్తూ ఉంటుంది ("భలే చిత్రంగా ఉందే"), పటానికి ఆ ఇబ్బంది లేదు.

ఇల్లు కట్టేవాళ్ళు, యంత్రాలు చేసేవాళ్ళు అనే డ్రాయింగ్ మాత్రం వేరే సరుకు. అది కొలతలతో, గుర్తులతో ఉన్న ఆదేశం. ఎక్కడ గోడ రావాలి, రంధ్రం ఎంత వ్యాసం ఉండాలి అని చెప్పే కాగితం. దాన్ని చిత్రలేఖనం అని రాస్తే పనివాడికి అర్థం కాదు, అర్థమైనా పొరపాటుగా అవుతుంది. ప్లాను, నక్షా, పటం లాంటివి కొన్ని సందర్భాల్లో సరిపోతాయి, సరిపోనిచోట డ్రాయింగ్ అనే రాయండి, నిశ్చింతగా.

ఇప్పుడు మీ అసలు గొడవ. డ్రా అన్న మాటను తెలుగు ఎలా తీసుకుందో గమనించండి. డ్రా చేయడం అంటే డబ్బు తీయడం, ఇది విత్‌డ్రా చేయడానికి కుదించిన రూపంగా నడుస్తోంది. డ్రా కావడం అంటే ఆట ఫలితం తేలకపోవడం. డ్రా తీయడం అంటే లాటరీ చీటీ తీయడం. చూశారా, డ్రా ఎక్కడా ఒంటరిగా రాలేదు, పక్కన చేయు, అవు, తీయు అని మూడు తెలుగు క్రియలు వచ్చి మూడు అర్థాలు పంచుకున్నాయి. "డ్రా చేశాను" అనగానే వినేవాడి మనసు డబ్బు వైపు పోతుంది. అదే మాటను బొమ్మకూ వాడితే కష్టపడి ఏర్పడిన పంపకం చెడుతుంది. ఇది మొదటి కారణం. రెండోది నాకు ఇంకా ముఖ్యం. పేరు అరువు తెచ్చుకుంటే భాషకు పెద్దగా నష్టం లేదు, డ్రాయింగ్, డ్రాయింగ్ షీటు, డ్రాయింగ్ మాస్టారు ఇవన్నీ మనవైపోయాయి, వీటిని తీసేయమని నేను ఎవరికీ చెప్పను. క్రియ అలా కాదు. క్రియను వాడకపోతే దాని వెనకున్న బలగం మొత్తం మరుగున పడుతుంది. గీశాను అనడం మానేసిన పిల్లకు రేపు గీటురాయి అన్నా, గీసిన గీత దాటడు అన్నా పట్టుకోవడానికి తాడు దొరకదు. అందుకే "డ్రాయింగ్ వేశాను" అంటే నేను ఒప్పుకుంటాను, "బొమ్మ గీశాను" అంటే సంతోషిస్తాను, "బొమ్మ డ్రా చేశాను" అంటే మాత్రం దిద్దుతాను. పాపను కసరకండి, మీరు ఇంట్లో గీయి, గీశావా, ఇంకోటి గియ్యవూ అంటూ ఉంటే అదే వస్తుంది.

ఆట గురించి ఒక్క మాట. డ్రాను కొందరు "సమం అయింది" అని రాస్తున్నారు. ఫుట్‌బాల్‌కు ఫరవాలేదు, అక్కడ గోల్స్ సమానంగానే ఉంటాయి. టెస్టు క్రికెట్‌లో అలా రాయకూడదు. అక్కడ సమయం అయిపోయి ఫలితం తేలకపోతే డ్రా, ఇన్నింగ్స్‌లన్నీ ముగిసి పరుగులు సమానమైతే టై. 1960లో బ్రిస్బేన్‌లో, 1986లో మద్రాసులో జరిగినవి టై అయిన టెస్టులు, సమం అన్న మాట అలాంటివాటికే ఉంచాలి.

డ్రాయింగ్ రూమ్‌కు బొమ్మలతో ఏ సంబంధమూ లేదు. మొదట అది విత్‌డ్రాయింగ్ రూమ్, అంటే పెద్ద హాల్లోంచి పక్కకు తప్పుకుని కూర్చునే గది, 17వ శతాబ్దంలో ముందుభాగం రాలిపోయి డ్రాయింగ్ రూమ్‌గా స్థిరపడింది. "చిత్రాల గది" అని అనువదించినవి నా కంటపడ్డాయి, అది పూర్తిగా తప్పు. ముందుగది అనండి, హాలు అనండి. బల్లకు ఉండే డ్రాయర్ కూడా లాగేది కాబట్టే డ్రాయర్, దానికి మనకు సొరుగు అన్న చక్కటి మాట ఉంది. ఆఫీసుల్లో డ్రాయింగ్ ఆఫీసర్ అంటే జీతాల బిల్లు మీద సంతకం చేసి డబ్బు తీసే అధికారి. వ్యాపారి తన సొంతానికి వ్యాపారంలోంచి తీసుకున్న డబ్బును కూడా ఇంగ్లీషులో డ్రాయింగ్స్ అనే అంటారు. తెలుగు కామర్స్ పుస్తకాల్లో దాన్ని సొంతవాడకాలు అని రాశారు. ఆ మాట పెట్టినవాళ్ళెవరో గానీ వాళ్ళకు నమస్కారం పెట్టాలి, ఇంగ్లీషు మాటను చూడకుండా పనిని చూసి పెట్టారు.

చివరిగా రాత సంగతి, మీరు అడగలేదు గానీ చాలామంది తడబడతారు. డ్రా మీద ఇంగ్ చేరినప్పుడు మధ్యలో యకారం వచ్చి డ్రాయింగ్ అవుతుంది. రెండు అచ్చులు పక్కపక్కన వస్తే మనం చేసే పనే ఇది, మా అమ్మ మాయమ్మ అయినట్టు. ఇంగ్లండులో చాలామంది అదే చోట రకారం చేర్చి డ్రారింగ్ అన్నట్టుగా పలుకుతారు, కాబట్టి మనది వంకర ఉచ్చారణ అనుకోనక్కర్లేదు. డ్రాఇంగ్ అని విడగొట్టి రాయకండి. బహువచనం డ్రాయింగులు. డ్రాయింగ్స్ అని మాట్లాడినా, రాసేటప్పుడు డ్రాయింగులు అనే రాస్తే విభక్తులు ఇబ్బంది పెట్టవు: డ్రాయింగులను, డ్రాయింగులకు, డ్రాయింగుల్లో. గీయు రూపాల్లో గీశాడు, గీస్తుంది, గీయలేదు అని రాయండి. చేయు చేశాడు అయినట్టే గీయు గీశాడు అవుతుంది.