గ్రీన్‌స్టెడ్ చర్చి మీద వ్యాసం పంపిన యువ రచయితకు

చిరంజీవికి ఆశీస్సులు.

ఇంగ్లండులోని ఎసెక్స్‌లో ఉన్న గ్రీన్‌స్టెడ్ గ్రామపు చర్చి మీద నువ్వు రాసిన వ్యాసం అందింది. చీల్చిన ఓక్ దుంగల గుండ్రటి వైపు బయటికీ, చదునైన వైపు లోపలికీ వచ్చేలా గోడ నిలిపిన తీరును శ్రద్ధగా చూసి రాశావు. అయితే ‘వెయ్యేళ్లుగా చెక్కుచెదరకుండా నిలిచింది’ అన్న నీ మొదటి వాక్యం నన్ను నొప్పించింది. అది నిజం కాదు. పైగా ఆ చర్చిని నిలబెట్టిన చేతులన్నిటినీ ఆ ఒక్క మాట తుడిచివేస్తుంది.

దుంగల మొదళ్లు పుచ్చిపోతే, 1848 ప్రాంతపు మరమ్మతుల్లో వాటిని కోసి, కింద ఇటుకల వరుస కట్టి, దాని మీద మళ్లీ నిలిపారు. బలిపీఠం ఉన్న భాగం ట్యూడర్ రాజుల కాలపు (1485–1603) ఇటుక కట్టడం. కట్టినవాడి కంటే కాపాడినవాడి గురించి రాయడమే కష్టమని, అదే అవసరమని నేను జీవితమంతా నమ్మాను. మా ప్రాంతపు ఒక గుడి మండపం గురించి యౌవనంలో రాసినప్పుడు, కూలిన స్తంభాలను లేపిన శిల్పుల భాగాన్ని ఒక సంపాదకుడు పూర్తిగా కొట్టివేసి, ‘అతి ప్రాచీన’ అన్న విశేషణాన్ని శీర్షికలో చేర్చాడు. ఆ కోపం నాకు ఇప్పటికీ చల్లారలేదు. ప్రాచీనతను పోటీగా మార్చిన ఆ ధోరణి నేటి పత్రికల్లో మరింత ముదిరింది.

నీ వ్యాసమూ ఆ మోజులోనే తడబడింది. చెట్టు వలయాలను బట్టి ఈ దుంగలు 845 నాటివని 1960లో అనుకున్నా, 1990లలో జరిగిన పరీక్ష వాటిని 11వ శతాబ్ది ద్వితీయార్ధానికి తెచ్చిందని నువ్వే రాశావు. మళ్లీ ఆ పేరాలోనే, 1013లో, తొమ్మిదో శతాబ్దిలో హతుడై సెయింట్‌గా కొలువబడిన రాజు ఎడ్మండ్ భౌతికకాయాన్ని బెరీ సెయింట్ ఎడ్మండ్స్ పట్టణానికి తీసుకువెళ్తూ ఈ గోడల మధ్యనే ఉంచారన్నావు. అప్పటికి ఈ గోడలు లేవు కదా! బలిపీఠ భాగం కింది తవ్వకాల్లో అంతకు ముందరి చెక్క కట్టడాల జాడలు బయటపడ్డాయి. ఆ ఐతిహ్యాన్ని చెప్పదలిస్తే వాటితో ముడిపెట్టి చెప్పాలి.

అన్నిటికంటే విలువైనదాన్ని ఒక్క వాక్యంలో దాటేశావు. కూలి తగ్గిస్తుంటే సంఘం పెట్టుకొని ప్రమాణం చేసినందుకు 1834లో టోల్‌పడిల్ గ్రామానికి చెందిన ఆరుగురు వ్యవసాయ కూలీలకు ఆస్ట్రేలియా ప్రవాస శిక్ష విధించారు. క్షమాభిక్షతో తిరిగివచ్చాక వారిలో కొందరికి గ్రీన్‌స్టెడ్‌లో కౌలు భూమి దొరికింది. వారిలో జేమ్స్ బ్రైన్, తనతోపాటు శిక్షపడిన థామస్ స్టాండ్‌ఫీల్డ్ కుమార్తె ఎలిజబెత్‌ను 1839లో పెళ్లాడింది ఈ చర్చిలోనే. ఆ ఊరి పాదిరీకి వాళ్లంటే గిట్టదు. అయినా పెళ్లి ఆయన చర్చిలోనే జరిగింది. దుంగల వయసుకు నాలుగు పేరాలు ఇచ్చిన నువ్వు, ఆ దంపతులకు కనీసం ఒక్కటైనా ఇవ్వవలసింది.

ఆ పెళ్లి నుంచి మొదలుపెట్టి, దాదాపు పదేళ్ల తరువాత జరిగిన మరమ్మతుల మీదుగా వెనక్కి నడుస్తూ వ్యాసాన్ని తిరగరాసి నాకు పంపు.

ఆశీస్సులతో.