పంపు అని పేరు పెట్టే ముందు

చి. వాసంతికి,

ఆశీస్సులు. స్ట్రెప్టోమైసిస్ సీలికలర్ అనే మట్టి బ్యాక్టీరియాలో, అది తయారుచేసే యాక్టినోరోడిన్ అనే యాంటీబయాటిక్‌ను కణం బయటికి తోసే ప్రోటీన్ల మీద పని మొదలుపెడుతున్నావని రాశావు. మంచి జీవినే ఎంచుకున్నావు, దాని మందు రంగుతో కంటికే కనిపిస్తుంది. ముందే ఒక మాట: జీన్ తీసేస్తే మందుకు నిరోధకత తగ్గిందని, దాని ప్రోటీన్‌ను పంపు (మందును బయటికి తోసేది) అనెయ్యకు. మందు కణం లోపల ఎంతుంది, బయట ఎంతుంది అని విడివిడిగా కొలిచాకే ఆ పేరు పెట్టు.

మొదట సీక్వెన్స్ చూడు. టైలోసిన్ అనే యాంటీబయాటిక్‌ను తయారుచేసే స్ట్రెప్టోమైసిస్ ఫ్రేడియేలోని టీఎల్ఆర్‌సీ అనే ప్రోటీన్‌ను చాలాకాలం పంపుగానే లెక్కగట్టారు. దానిలో ఏటీపీని (కణానికి శక్తినిచ్చే అణువును) పట్టుకునే భాగాలు రెండున్నాయి గానీ, కణపొరలో దిగే హెలిక్స్ (మెలిక భాగం) ఒక్కటీ లేదు. ఆ కుటుంబం ప్రోటీన్లు రైబోజోమ్ (ప్రోటీన్లు తయారయ్యే చోటు) మీద చేరిన మందును ఊడగొట్టి కాపాడతాయి, బయటికి తొయ్యవు. డానోరూబిసిన్ అనే మందును తోసే డీఆర్ఆర్ఏ ప్రోటీన్ పక్కన మాత్రం పొరలో కూర్చునే డీఆర్ఆర్‌బీ ఉంటుంది. అలాంటి జోడీ ఉందో లేదో చూసుకో.

నీ యాక్టినోరోడిన్ జీన్ల గుంపులో (క్లస్టర్‌లో) యాక్ట్ఆర్ అనే రిప్రెసర్ (జీన్లను ఆపే ప్రోటీన్) పంపు జీన్లను మూసి ఉంచుతుంది. యాక్టినోరోడినే కాదు, అది తయారయ్యే దారిలోని మధ్య పదార్థాలు కూడా ఆ రిప్రెసర్‌ను డీఎన్ఏ నుంచి విడిపిస్తాయి. అంటే మందు పూర్తికాకముందే పంపు సిద్ధమవుతుంది. అందుకే తయారీ జీన్లను కదిలించిన స్ట్రెయిన్‌లో పంపు మామూలుగానే ఉందనుకోవద్దు.

జీన్ తియ్యడానికి డీఎన్ఏను మిథైల్ గుర్తులు వెయ్యని ఈటీ12567/పీయూజెడ్8002 అనే ఈ.కోలై స్ట్రెయిన్ నుంచే పంపాలి, మిథైల్ గుర్తులున్న డీఎన్ఏను సీలికలర్ నరికేస్తుంది. ఈ.కోలైను ఎల్‌బీ మీడియంతో రెండుసార్లు కడుగు, యాంటీబయాటిక్ మిగిలితే పని చెడుతుంది. సీలికలర్ స్పోర్లను (బీజాలను) సుమారు 10 కోట్లు 50 డిగ్రీల దగ్గర 10 నిమిషాలు ఉంచి, చల్లార్చి, ఈ.కోలైతో కలిపి, 10 మిల్లీమోలార్ మెగ్నీషియం క్లోరైడ్ ఉన్న ఎంఎస్ అగార్ (మానిటాల్, సోయా పిండి కలిపిన గట్టి మీడియం) మీద పరువు. 30 డిగ్రీల్లో 16 నుంచి 20 గంటల తర్వాత 1 మి.లీ. నీళ్లలో ఈ.కోలైను చంపే నాలిడిక్సిక్ యాసిడ్ 0.5 మి.గ్రా., 1 మి.గ్రా. ఆప్రామైసిన్ కలిపి పైన పోసెయ్. తీసేసిన జీన్ స్థానంలో ఆప్రామైసిన్ గుర్తు (దాన్ని తట్టుకునే జీన్), దాన్ని మోసుకొచ్చిన కాస్మిడ్ అనే డీఎన్ఏ వలయంలో కనామైసిన్ గుర్తు ఉంటాయి గనక, ఆప్రామైసిన్‌ను తట్టుకుని కనామైసిన్‌కు చచ్చే కాలనీలే నీకు కావలసినవి. ఒక్క కాలనీతో సరిపెట్టకు, విడివిడిగా వచ్చినవి మూడైనా దాచు. జీన్‌ను తిరిగి పెట్టేటప్పుడు పీసెట్152 ప్లాస్మిడ్ వాడకు, దానిలోనూ ఆప్రామైసిన్ గుర్తే ఉంది. హైగ్రోమైసిన్ గుర్తున్న పీఎంఎస్82 మేలు. జీన్‌ను దాని సొంత ప్రమోటర్‌తోనే (జీన్‌ను నడిపించే డీఎన్ఏ భాగంతోనే) పెట్టు. మరీ బలమైన ప్రమోటర్ పెడితే పొర ప్రోటీన్ పేరుకుపోయి పెరుగుదలే కుంటుపడుతుంది.

ఇక కొలత, అసలు పనంతా ఇక్కడే. ప్రతి శాంపిల్‌కూ మూడు గొట్టాలు పెట్టు: మొత్తం కల్చర్, పైతేట (సెంట్రిఫ్యూజ్ చేశాక పైన తేరిన ద్రవం), అడుగున చేరిన మైసీలియం (దారాల్లాంటి కణాల ముద్ద). మూడింటిలోనూ కెఓహెచ్ (పొటాషియం హైడ్రాక్సైడ్) చివరికి 1 నార్మల్ అయ్యేలా కలిపి, సెంట్రిఫ్యూజ్ చేసి, పైన తేరిన నీలి ద్రవాన్ని 640 నానోమీటర్ల దగ్గర చదువు. యాక్టినోరోడిన్ మోలార్ శోషణ గుణకం 25,320. పలచన లెక్క సరిచేశాక లోపలిదీ బయటిదీ కూడితే మొత్తానికి దగ్గరగా రావాలి, రాకపోతే ఎక్కడో పారబోశావన్నమాట. మీడియం ఆమ్లంగా మారితే యాక్టినోరోడిన్ ఎర్రబడి మైసీలియానికి అంటుకుంటుంది, అది లోపలి లెక్కలో పడి మోసం చేస్తుంది. పీహెచ్ 7.2 దగ్గర నిలిచేలా బఫర్ తప్పనిసరి. ముదిరిన కల్చర్‌లో దీనికి వ్యతిరేకం జరుగుతుంది: కణాలు పగిలి మందు తనంతట తానే బయటికి వస్తుంది. పైతేటలో గ్లూకోజ్-6-ఫాస్ఫేట్ డీహైడ్రోజినేజ్ (కణం లోపలే ఉండే ఎంజైమ్) చురుకు కనిపిస్తే ఆ శాంపిల్ పక్కన పెట్టు. లెక్క ఎప్పుడూ కణాల పొడి బరువుకే కట్టు. పంపు పోతే మొత్తం తయారీ కూడా తగ్గొచ్చు గనక లోపలి అంకె ఒక్కటే చూడకు, లోపల-బయట నిష్పత్తి చూడు.

సీసీసీపీ (పొరకు ఇరువైపులా ఉన్న ప్రోటాన్ తేడాను చెరిపేసే రసాయనం) వేస్తే ఎగుమతి ఆగిందని, అది ప్రోటాన్‌తో నడిచే పంపని తేల్చెయ్యకు. బతికున్న కణంలో అది కాసేపటికి ఏటీపీనీ తగ్గిస్తుంది. పంపు ప్రోటాన్‌తో నడుస్తుందా ఏటీపీతోనా అన్న తేడా, లోపలి వైపు బయటికి తిరగేసిన పొర సంచుల్లోనే తేలుతుంది, ఏటీపీ పంపులను ఆపే వెనడేట్ కూడా అక్కడే నమ్మదగ్గ పని చేస్తుంది.

ముందుముందు డాక్సోరూబిసిన్ అనే మందు మీదికి వెళ్తే దాని మెరుపును (ఫ్లోరసెన్స్‌ను) నమ్ముకోకు. డీఎన్ఏలో దూరగానే మెరుపు ఆరిపోతుంది, కణం నిండా మందున్నా ఖాళీగానే కనిపిస్తుంది. సాల్వెంట్‌తో బయటికి లాగి హెచ్‌పీఎల్‌సీలో (పదార్థాలను వేరుచేసి కొలిచే యంత్రంలో) కొలువు.

మొదటి విడత అంకెలు వచ్చాక మూడు గొట్టాలవీ విడిగా రాయి, కలిపి చూద్దాం.